కార్పెట్ తీశాక గోడ పొడవునా మేకుల బద్దలు, పీకితే కాంక్రీటు పెచ్చులూడుతోంది. ఏం చేయాలి?

కొత్తిల్లు_ఫ్రిస్కో
మా ఇల్లు 2004లో కట్టింది, మేం కొని నాలుగేళ్ళవుతోంది. టెక్సస్‌లో చాలా ఇళ్ళలాగే కింద కాంక్రీటు స్లాబే. బాబుకి డస్ట్ ఎలర్జీ ఉంది, పడకగదుల్లో కార్పెట్ లేకపోతే మంచిదని డాక్టరు చెప్పారు. మూడు గదులకీ వినైల్ ప్లాంక్ (చెక్కలా కనబడే ప్లాస్టిక్ పలకల నేల) వేయించడానికి మాట్లాడుకున్నాం. పాత కార్పెట్ మేమే తీసిపెడితే ఖర్చు తగ్గుతుందని శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం.

కార్పెట్ రెండు గంటల్లో వచ్చేసింది, కింద స్పాంజి కూడా. అప్పుడు కనబడ్డాయి ఇవి. గోడకి అర అంగుళం ఎడంగా, అంగుళం వెడల్పు పల్చటి చెక్క బద్దలు. ఒక్కో బద్ద నిండా మొనలు పైకి ఉన్న సన్న మేకులు, అన్నీ గోడ వైపు వాలి ఉన్నాయి. బద్దని నేలకి బిగించిన మేకులు వేరు, అవి లావుగా ఉన్నాయి. సుత్తి కొక్కెంతో లేపితే బద్ద వచ్చింది, దాంతోపాటు కాంక్రీటు పెచ్చు కూడా ఊడొచ్చింది. పది రూపాయల బిళ్ళంత గుంట. ఆరు బద్దలు తీసేసరికి ఇరవై పైన గుంటలు పడ్డాయి. అక్కడితో ఆపేశాను.

గురువారం ఫ్లోరింగ్ వాళ్ళు వస్తున్నారు. బద్దలు తీసి గుంటలు పూడ్చడానికి అడుగు లెక్కన విడిగా డబ్బులు అడుగుతున్నారు. మిగిలిన బద్దలు అలాగే వదిలేసి వాటి దాకా ప్లాంక్ వేయించుకోవచ్చా? స్లాబు పాడైపోయిందా? రాత్రంతా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

చెక్కపని_చార్లెట్
పని ఆపి మంచి పని చేశారు. ముందు ఒక్క మాట చెప్పండి, బద్దలు లేపేటప్పుడు కళ్ళకి ఏం పెట్టుకున్నారు?

కొత్తిల్లు_ఫ్రిస్కో
ఏమీ లేదన్నా. రోజూ పెట్టుకునే కళ్ళజోడే.

చెక్కపని_చార్లెట్
అయితే ఇది చదివాకే మళ్ళీ సుత్తి పట్టుకోండి. కాంక్రీటులోకి కొట్టే మేకు మామూలు మేకు కాదు. గట్టిపరచిన ఉక్కు. వంగదు, విరుగుతుంది, లేదా తుపాకీ గుండులా ఎగురుతుంది. మా పాత ఇంట్లో ఒకటి ఎగిరి నా కనుబొమ్మ పక్కన తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. వేలెడు కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గ్లాసెస్ తెచ్చుకోండి, హార్డ్‌వేర్ షాపులో చవకగానే దొరుకుతాయి. తోలు గ్లవ్స్, మందపాటి అడుగు ఉన్న బూట్లు, మోకాళ్ళకి ప్యాడ్లు. ఇవి లేకుండా ఆ గదిలోకి వెళ్ళొద్దు. పిల్లాడిని అసలే రానివ్వొద్దు.

స్లాబ్‌మాస్టారు
హ్యూస్టన్‌లో స్ట్రక్చరల్ పని చేస్తాను. స్లాబు గురించి భయం పెట్టుకోకండి. ఆ గుంటలు పై తోలు గీసుకుపోవడం లాంటివే.

పెచ్చు ఎందుకు లేస్తుందో చెబుతాను. కాంక్రీటు ఎంత నొక్కినా తట్టుకుంటుంది, లాగితే మాత్రం తట్టుకోదు. మేకుని నిటారుగా పైకి లాగినప్పుడు దాని చుట్టూ గరాటు ఆకారంలో ఒక ముక్క ఊడొస్తుంది. అందుకే సుత్తి కొక్కెంతో లేపిన ప్రతిచోటా గుంట పడింది.

ఒకసారి మీ గ్యారేజీకి వెళ్ళి నేల మీద, తలుపు దగ్గర, ముద్ర వేసి ఉందేమో చూడండి. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళలో చాలావాటికి పోస్ట్ టెన్షన్ స్లాబులే. లోపల ఉక్కు కేబుళ్ళు లాగి బిగించి ఉంటాయి. కోయకూడదు, డ్రిల్ చేయకూడదు అని ఆ ముద్రలోనే రాసి ఉంటుంది. మీ బద్దల మేకులు పైపైన దిగినవే, కేబుళ్ళు ఇంకా బాగా కింద ఉంటాయి. కాబట్టి ఇప్పటిదాకా ఏ ప్రమాదమూ జరగలేదు. మొండి మేకు వచ్చిందని డ్రిల్ మిషను మాత్రం పట్టుకోవద్దు.

కొత్తిల్లు_ఫ్రిస్కో
ఇప్పుడే చూసొచ్చాను మాస్టారూ. ముద్ర ఉంది. నాలుగేళ్ళుగా దాని మీదే కారు పెడుతున్నాం, ఒక్కసారీ చదవలేదు. స్లాబు బాగానే ఉందన్నారు, చాలా ధైర్యం వచ్చింది.

రెండోషిఫ్ట్
బద్దలు వదిలేసి వాటి దాకా ప్లాంక్ వేయించు బ్రో. పైన బేస్‌బోర్డు (గోడ అడుగున కొట్టే పట్టీ), దాని ముందు క్వార్టర్ రౌండ్ (సందు కప్పే సన్న గుండ్రటి పట్టీ) కొడితే కనబడదు. ఎందుకీ శ్రమంతా?

పాలకొల్లు_పిల్ల
రెండోషిఫ్ట్ గారూ, అలా చేసిన ఇల్లు మాది. మేం అట్లాంటాలో కొన్నప్పుడు పాత ఓనర్ పెట్టిన కాంట్రాక్టర్ సరిగ్గా ఇదే చేశాడట. మాకు తెలియలేదు. ఎనిమిది నెలలకి హాల్లో క్వార్టర్ రౌండ్ ఒకచోట ఊడింది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఇంట్లో చెప్పులు వేసుకోరు. గోడవారగా తుడుస్తుంటే మేకు కాలి బొటనవేలు కింద దిగింది. ఆ తర్వాత బేస్‌బోర్డు అంతా తీయించి చూస్తే చుట్టూతా మేకుల బద్దలే. దయచేసి ఎవరూ అలా చేయకండి. మనం, మన పిల్లలు, పెద్దవాళ్ళు అందరం ఇంట్లో ఒట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళం.

చెక్కపని_చార్లెట్
పాలకొల్లు_పిల్ల చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పైగా లెక్క కూడా కుదరదు. గోడకీ బద్దకీ మధ్య ఎడం అర అంగుళం, బద్ద అంగుళం. అంటే ప్లాంక్ గోడకి ఒకటిన్నర అంగుళం దూరంలో ఆగిపోతుంది. బేస్‌బోర్డు మందం అర అంగుళం, క్వార్టర్ రౌండ్ ముప్పావు అంగుళం. రెండూ కలిపినా ఒకటింబావు అంగుళమే. సందు కనబడుతూనే ఉంటుంది. ప్లాంక్‌కి గోడ దగ్గర పావు అంగుళం ఎడం చాలు, మహా అయితే ఇంకొంచెం. బద్దలు తీయాల్సిందే.

రెండోషిఫ్ట్
అమ్మగారికి అలా జరగడం చాలా బాధగా ఉంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీసేయ్ బ్రో.

తాండూరు_బండ
మా నాన్నకి వీడియో కాల్‌లో ఈ బద్దలు చూపించినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇంకా గుర్తుంది: "ఇంటి గచ్చుకి మేకులు ఎవరు కొట్టిండ్రు?" తాండూరు బండల మీద పెరిగినవాళ్ళం, కార్పెట్ కింద ఏముంటుందో మనకెలా తెలుస్తుంది? ఇంతకీ ఇవి ఎందుకు కొడతారు? జిగురుతో అంటించొచ్చు కదా?

చెక్కపని_చార్లెట్
కార్పెట్‌ని డప్పు తోలులా లాగి బిగించాలి, లేకపోతే కొన్నాళ్ళకి ముడతలు పడుతుంది. మోకాలితో తన్నే ఒక పనిముట్టుతో కార్పెట్‌ని గోడ వైపు నెట్టి ఈ మొనలకి తగిలిస్తారు. మొనలు గోడ వైపు వాలి ఉండేది అందుకే, కార్పెట్ వెనక్కి జారకుండా పట్టుకుంటాయి. పూర్వం కార్పెట్ అంచుకి పైనుంచే మేకులు కొట్టేవాళ్ళు. పైన మేకు కనబడకుండా చేసింది ఈ బద్దే కాబట్టి దీనికి ట్యాక్‌లెస్ స్ట్రిప్ అని కూడా పేరుంది. నిండా మేకులున్నదాన్ని మేకులు లేనిది అంటారు!

ఇంకో మాట. మళ్ళీ కార్పెట్టే వేయించుకునేవాళ్ళు మంచి బద్దల్ని పీకొద్దు. కుళ్ళినవి, తుప్పు పట్టినవి మాత్రం మారిస్తే చాలు.

కొత్తిల్లు_ఫ్రిస్కో
గ్లాసెస్, గ్లవ్స్ తెచ్చాను. ఇప్పుడు ఎలా తీయాలో కూడా చెప్పన్నా. ఒక్కో గదికి పన్నెండు, పదమూడు బద్దలున్నాయి.

చెక్కపని_చార్లెట్
పలకగా ఉండే చిన్న ప్రై బార్ (మేకులు, బద్దలు లేపే ఇనుప కడ్డీ) ఒకటి, మూడు పౌండ్ల సుత్తి ఒకటి కావాలి. మధ్యలో ఎక్కడో పెట్టి లేపొద్దు. బద్దని నేలకి పట్టుకున్న లావు మేకు తల ఎక్కడుందో చూడండి, సుమారు అరడుగుకి ఒకటి ఉంటుంది. బార్ అంచు సరిగ్గా ఆ మేకు పక్కన, బద్ద కింద దూరేలా పెట్టండి. బార్‌ని దాదాపు నేలకి ఆనించి పడుకోబెట్టండి. వెనకనుంచి సుత్తితో కొట్టండి. మాస్టారు చెప్పారు కదా, పైకి లాగితేనే పెచ్చు. పక్కనుంచి దెబ్బ పడితే చెక్క చీలిపోతుంది, మేకు వదులవుతుంది. చాలాసార్లు గుంట పడనే పడదు, పడినా చిన్నది పడుతుంది.

చెక్క పోయి మేకు ఒక్కటే నిలబడితే దాన్ని అటూ ఇటూ తట్టండి. ఊడొస్తుంది, లేదా నేల మట్టానికి విరుగుతుంది. విరిగినా పరవాలేదు. మిగిలిన మొన నేల మట్టం కంటే కిందికి పోయేలా ఒక్క దెబ్బ వేసి పైన పూడ్చేయండి. ఒక బద్ద తీయగానే బకెట్లో వేయండి. నేల మీద వదిలి రెండోదానికి వెళ్ళొద్దు.

స్లాబ్‌మాస్టారు
అదే సరైన పద్ధతి. ఒక్కటి కలుపుతాను. కొట్టే ముందు గోడ బేస్‌బోర్డుకి అడ్డంగా పల్చటి ప్లైవుడ్ ముక్క పెట్టుకోండి. బార్ జారితే గోడకి బెజ్జం పడకుండా ఉంటుంది.

ఎడిసన్_అత్తయ్య
మాది న్యూజెర్సీలో 1962 నాటి ఇల్లు, కింద కాంక్రీటు కాదు, చెక్క. చెక్క నేల ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. మాకు పెచ్చుల బాధ లేదు, మేకు దగ్గర బార్ పెట్టి మెల్లగా లేపితే బద్ద వచ్చేస్తుంది. బార్ కింద పలక చాకు పెట్టాలి, లేకపోతే బార్ మడమ చెక్కలో సొట్టపెడుతుంది. మా బాధ వేరు. స్పాంజికి కొట్టిన స్టేపుల్ పిన్నులు! ఒక్క గదిలోనే వందల కొద్దీ. మా ఆయనా నేనూ చెరో కట్టింగ్ ప్లయర్ పట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాం.

కానీ ఆ స్పాంజి కింద ఏం బయటపడిందో తెలుసా? ఓక్ చెక్క నేల! ముప్పై, నలభై ఏళ్ళుగా ఎవరో దాన్ని కార్పెట్‌తో కప్పిపెట్టారు. గోడవారగా మేకుల బెజ్జాలకి చెక్క లప్పం పెట్టించి, గీకించి, పాలిష్ వేయించాం. ఒక మూల పాత వాళ్ళ కుక్క పోసిన చోట నల్ల మరక పోలేదు, అక్కడ బీరువా పెట్టుకున్నాం. కొత్త ఫ్లోరింగ్ కొనే ముందు పాత ఇళ్ళవాళ్ళు ఒక మూల కార్పెట్ లేపి చూడండమ్మా.

పాలకొల్లు_పిల్ల
అత్తయ్యగారూ, ఫోటో పెట్టండి, చూడాలని ఉంది.

బ్రాంప్టన్_బాబాయ్
అత్తయ్యగారి పోస్టు చదివి మా బేస్‌మెంట్‌లో ఒక మూల లేపాను. మాది 1972 టౌన్‌హౌస్. ఓక్ కాదు, చిన్న చిన్న టైల్స్ ఉన్నాయి, కొలిస్తే 9 అంగుళాలు. మేకుల బద్దలు ఆ టైల్స్ మీదనుంచే కొట్టారు. ఒకటి పగిలి ఉంది, కింద నల్లటి జిగురు కనబడుతోంది. గీకేసి ప్లాంక్ వేద్దామనుకుంటున్నాను.

ఎడిసన్_అత్తయ్య
గీకొద్దు! మా బేస్‌మెంట్‌లోనూ అచ్చం అవే. 9 అంగుళాల పాత టైల్స్, కింద నల్ల జిగురు అంటే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. మా ముక్క ల్యాబుకి పంపితే టైల్‌లోనూ జిగురులోనూ ఉందని వచ్చింది.

స్లాబ్‌మాస్టారు
బాబాయ్ గారూ, అత్తయ్యగారి మాట వినండి. కదిలించనంత వరకు అది పడి ఉంటుంది. గీకినా, రుద్దినా, మిషను పెట్టినా పీచు గాలిలో కలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. కెనడాలో నిషేధం వచ్చింది 2018లో, కాబట్టి 1972 ఇంట్లో ఉండటంలో వింతేం లేదు. ఊడ్వకండి, మామూలు వాక్యూమ్ పెట్టకండి. ఆ మూల ప్లాస్టిక్ కవర్ కప్పి టేపు వేయండి. పరీక్ష చేయించండి. ఉందని తేలితే, బద్దలు పీకడం కూడా టైల్స్‌ని పగలగొట్టడమే కాబట్టి, ఆ పని లైసెన్సు ఉన్నవాళ్ళకే వదిలేయండి. టైల్స్ గట్టిగా ఉంటే చాలాచోట్ల తీయకుండా పైన కప్పేస్తారు.

ఇంకోటి. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసం నిషేధించింది 1978లో. అంతకు ముందరి ఇళ్ళలో బేస్‌బోర్డు పీకేవాళ్ళు ఆ రంగు పొడి విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. మన ఫ్రిస్కో ఇంటికి ఈ రెండు భయాలూ లేవు.

బ్రాంప్టన్_బాబాయ్
కవర్ కప్పేశాను. మనవరాలు అక్కడే ఆడుకుంటుంది, తలుపుకి తాళం కూడా వేశాను. రేపే ల్యాబుకి ఫోన్ చేస్తా. మీరిద్దరూ చెప్పకపోతే ఈపాటికి గీకుతూ ఉండేవాణ్ణి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
పిల్లల గది పూర్తయింది! చార్లెట్ అన్న చెప్పినట్టు బార్ పడుకోబెట్టి కొడితే పన్నెండు బద్దలకి తొమ్మిది గుంటలే పడ్డాయి, అవీ చిన్నవి. నిన్న ఆరు బద్దలకే ఇరవై పడ్డాయి. నిజంగా ఎంత తేడా.

కానీ ఇంకో గొడవ. మా ఆవిడ నీళ్ళు తెచ్చివ్వడానికి గుమ్మంలోకి వచ్చింది, పల్చటి స్లిప్పర్లు. మేకు దాంట్లోంచి దిగి మడమకి గుచ్చుకుంది. రక్తం కొంచెమే వచ్చింది. టీటీ వేయించాలా?

నైట్‌డ్యూటీ_నర్సు
సబ్బు, ధారగా నీళ్ళు పెట్టి బాగా కడిగించండి. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయినవాళ్ళకి, శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేసుకుని 10 ఏళ్ళు దాటితే వేస్తారు. ఇది లోతుగా గుచ్చుకున్నది, దుమ్ములో పడి ఉన్న మేకు, కాబట్టి 5 ఏళ్ళు దాటితే వేయించుకోవాలి. అక్కయ్యకి ప్రెగ్నెన్సీలో టీడాప్ (ధనుర్వాతం కూడా ఆపే టీకా) వేసి ఉంటారు, ఏ సంవత్సరమో చూడండి. తుప్పు లేదు కదా అని వదిలేయొద్దు. ధనుర్వాతం వచ్చేది తుప్పు వల్ల కాదు, మట్టిలో దుమ్ములో ఉండే క్రిమి వల్ల. గుచ్చుకున్న చోట ఎర్రబడినా, వాచినా, నొప్పి పెరుగుతున్నా డాక్టరుకి చూపించండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
బాబు పుట్టి ఏడేళ్ళు. అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళి వేయించుకొచ్చాను. గుమ్మానికి అడ్డంగా కుర్చీ పెట్టాం, ఇక ఎవరూ రాకుండా.

మూడో_అంతస్తు
మధ్యలో అడుగుతున్నా, మెట్ల మీద కార్పెట్ తీయడం కూడా ఇంతేనా? మాకు పద్నాలుగు మెట్లున్నాయి.

చెక్కపని_చార్లెట్
ఇంత సులువు కాదు. ఒక్కో మెట్టుకి లోపలి మూలలో రెండు బద్దలు, ఒకటి అడుగు పెట్టే పలక మీద, ఒకటి నిలువు పలక కింద భాగంలో. ఇరుకు, బార్ తిరగదు. మెట్టు ముక్కు కింద స్టేపుల్ పిన్నులు లెక్కలేనన్ని. పైమెట్టు నుంచి కిందికి రండి, ఒక్కో మెట్టు పూర్తిగా శుభ్రం చేసి ఇంకోదానికి దిగండి. ఆ పని జరిగినన్నాళ్ళు పిల్లల్ని, పెద్దల్ని మెట్లు ఎక్కనివ్వొద్దు. సగం తీసిన మెట్లు చాలా ప్రమాదం.

మూడో_అంతస్తు
మా మెట్లకి మనిషినే పెట్టుకుంటాను.

రెండోషిఫ్ట్
గుంటల సంగతి. మా ఇంట్లో నేనైతే పూడ్చలేదు. మూడేళ్ళయింది, ప్లాంక్ బాగానే ఉంది. గోడవారనే కదా, ఎవరు తొక్కుతారు?

చెక్కపని_చార్లెట్
మీ గుంటలు చిన్నవై ఉంటాయి. పెద్ద గుంట మీద ప్లాంక్ అంచు పడితే అడుగు వేసినప్పుడల్లా కిందికి వంగుతుంది, ప్లాంక్‌లు ఒకదానిలో ఒకటి బిగుసుకునే క్లిక్ జాయింటు మెల్లగా విరుగుతుంది. మంచం కాళ్ళు, బీరువాలు ఉండేది గోడవారనే.

స్లాబ్‌మాస్టారు
చాలా కంపెనీల ప్లాంక్ పెట్టెలో వచ్చే కాగితంలో ఒక కొలత ఉంటుంది, 10 అడుగుల పొడవులో ఎగుడుదిగుడు అంగుళంలో పదహారింట మూడు వంతులు మించకూడదని. అది దాటితే వారంటీ వర్తించదు. మీ పెట్టెలో ఏం రాశారో చదవండి.

రెండోషిఫ్ట్
సరే, పూడ్చడమే మంచిది. గోడలకి పెట్టే లప్పం సరిపోతుందా? మా ఇంట్లో సగం డబ్బా ఉంది.

స్లాబ్‌మాస్టారు
వద్దు. గోడ లప్పం బరువుకి పొడి పొడి అయిపోతుంది, కింద తేమ తగిలితే మెత్తబడుతుంది. సిమెంటుతో చేసిన ఫ్లోర్ ప్యాచ్ పొడి అడగండి. గుంటలోని దుమ్ము పూర్తిగా తీయాలి, దుమ్ము మీద ఏదీ అంటుకోదు. ముందు నీళ్ళు పోసి అందులో పొడి వేస్తూ కలపండి. గిన్నెడు గిన్నెడు కలుపుకోండి, పావుగంటలో గట్టిపడటం మొదలవుతుంది. వెడల్పు తాపీతో నేల మట్టానికి లాగేయండి. గుంటగా ఉండటం ఎంత తప్పో, బొడిపెగా పైకి ఉండటమూ అంతే తప్పు.

తాండూరు_బండ
మొండి మేకులకి యాంగిల్ గ్రైండర్ పెడితే నిమిషంలో అయిపోతుంది కదా?

స్లాబ్‌మాస్టారు
మేకు వరకే తగిలితే నిప్పురవ్వలు, పక్కన కార్పెట్ పీచు ఉంటే అంటుకుంటుంది. కాంక్రీటుకి తగిలితే సిలికా దుమ్ము. అది కంటికి కనబడనంత సన్నం, ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. వాక్యూమ్ తగిలించిన గ్రైండరు, సరైన మాస్కు లేకుండా ఇంట్లో ఆ పని చేయకండి. ఎలర్జీ ఉన్న బాబు ఉన్న ఇంట్లో అసలే వద్దు. ఐదారు మేకుల కోసం సుత్తే మేలు.

కొత్తిల్లు_ఫ్రిస్కో
మాస్టర్ బెడ్‌రూముకి వచ్చాను. ఇక్కడ ఒకటి అర్థం కావట్లేదు. మూడు గోడల పక్కన బద్దలు కొత్తవాటిలా ఉన్నాయి. కిటికీ ఉన్న బయటి గోడ దగ్గర ఆరడుగుల మేర బద్ద నల్లగా ఉంది, వేలితో నొక్కితే పొడి అవుతోంది, మేకులు ఎర్రగా తుప్పు పట్టాయి. ఎందుకిలా?

ఎడిసన్_అత్తయ్య
కుక్క ఉండేదేమో పాతవాళ్ళకి?

కొత్తిల్లు_ఫ్రిస్కో
వాసన లేదు అత్తయ్యా. మరక కూడా గోడ పొడవునా సమానంగా ఉంది.

స్లాబ్‌మాస్టారు
అది నీళ్ళు. ఆ బద్ద మీకు మేలే చేసింది. బయటికి వెళ్ళి సరిగ్గా ఆ గోడ అవతల ఏముందో చూడండి. ఇటుక గోడైతే కింది వరసలో చిన్న చిన్న ఖాళీలు ఉంటాయి, గోడలోపలి నీళ్ళు బయటికి పోవడానికి. అవి మూసుకుపోయాయా, స్ప్రింక్లర్ ఎటు చిమ్ముతోంది, కిటికీ చుట్టూ సందులు మూసిన సీలెంట్ పగిలిందా, ఈ మూడూ చూడండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
మాస్టారూ, దణ్ణం. పోయిన వేసవిలో కూడా పూలమొక్కలకి మల్చ్ (మొదట్లో పరిచే చెక్క పొట్టు) వేయించాం, ఏటేటా పైన ఇంకో పొర. గోడ ఖాళీలన్నీ దాని కింద కప్పబడిపోయాయి! పక్కనే స్ప్రింక్లర్ తల సగం గోడ మీదికే చిమ్ముతోంది. ఇప్పుడేం చేయాలి? గురువారానికి ఆరుతుందా?

స్లాబ్‌మాస్టారు
మల్చ్‌ని ఆ ఖాళీలకి బాగా కిందికి తగ్గించండి, స్ప్రింక్లర్ తిప్పేయండి. లోపల కాంక్రీటు మీద అడుగున్నర చదరం స్పష్టమైన ప్లాస్టిక్ పరిచి నాలుగు అంచులూ టేపుతో పూర్తిగా మూసేయండి. కనీసం 16 గంటలు వదలండి. తీసినప్పుడు అడుగున చెమ్మ బిందువులు ఉన్నా, కాంక్రీటు ముదురు రంగుకి మారినా ఇంకా తడి ఉన్నట్టే. పొడిగా ఉందని కనబడినా ఫ్లోరింగ్ వాళ్ళని తేమ మీటరుతో కూడా చూడమనండి. తడి నేల మీద ప్లాంక్ వేస్తే పైకి ఏమీ కనబడదు, కింద బూజు పడుతుంది. ఎలర్జీ కోసమేగా ఇదంతా మొదలుపెట్టారు.

పాలకొల్లు_పిల్ల
నిజం. ఆ ఒక్క గది ఆగినా పరవాలేదు, తొందరపడకండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
బుధవారం రాత్రి. ప్లాస్టిక్ తీశాను. పిల్లల గది, గెస్ట్ రూము పొడిగా ఉన్నాయి. మాస్టర్ బెడ్‌రూములో కిటికీ దగ్గర ప్లాస్టిక్ అడుగున మంచుబిందువుల్లా తడి. ఫ్లోరింగ్ వాళ్ళకి ఫోన్ చేసి రెండు గదులే వేయమన్నాను. కొంచెం విసుక్కున్నారు, రెండోసారి వచ్చినందుకు విడిగా ఇవ్వాలన్నారు. ఇస్తాను.

గుంటలన్నీ పూడ్చాను. మా బాబు దూరంగా గుమ్మం అవతల కూర్చుని ఒక్కోటి లెక్కపెట్టాడు, 41.

ఎడిసన్_అత్తయ్య
బకెట్లో బద్దలు ఏం చేస్తున్నావు నాయనా? ప్లాస్టిక్ సంచిలో వేసి చెత్తలో పెట్టకు. చీల్చుకుని బయటికొస్తాయి. చెత్త తీసుకెళ్ళే అబ్బాయి చేతికి దిగుతాయి.

చెక్కపని_చార్లెట్
బద్దల్ని పొట్టిగా విరిచి, మొనలు ఎదురెదురుగా పెట్టి టేపు చుట్టి, మందపాటి అట్టపెట్టెలో వేయండి. పైన మేకులు ఉన్నాయని పెద్ద అక్షరాలతో రాయండి. మీ సిటీ పెద్ద చెత్త తీసుకెళ్ళే రోజున విడిగా పెట్టండి. ప్లాంక్ వేసే ముందు చక్రాల అయస్కాంతం ఒకటి నేలంతా దొర్లించండి, ఊడ్చాక కూడా మిగిలిపోతాయి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
పక్కింటాయన దగ్గర అయస్కాంతం తీసుకుని దొర్లించాను. రెండుసార్లు ఊడ్చిన గదిలో పదకొండు మొనలు దొరికాయి. మీరు చెప్పకపోతే అవన్నీ ప్లాంక్ కిందే ఉండిపోయేవి.

నైట్‌డ్యూటీ_నర్సు
అక్కయ్య మడమ ఎలా ఉంది?

కొత్తిల్లు_ఫ్రిస్కో
తగ్గిపోయిందండీ, మామూలుగా నడుస్తోంది.

శుక్రవారం. రెండు గదులూ అయిపోయాయి. నేల ఒక్కచోట కూడా కదలట్లేదు, చప్పుడు లేదు. నిన్న రాత్రి బాబు దుప్పటి కూడా లేకుండా కొత్త నేల మీదే పడుకుని లేవనన్నాడు. మాస్టర్ బెడ్‌రూములో ఫ్యాను, డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మిషను) నడుస్తున్నాయి. ప్రతి రెండు రోజులకీ ప్లాస్టిక్ పరిచి చూస్తాను, వరసగా రెండుసార్లు పొడిగా వచ్చాకే పిలుస్తాను.

నా దగ్గర ఫ్లోర్ ప్యాచ్ పొడి సగం సంచి పైన మిగిలింది, ప్రై బార్ కూడా ఉంది. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే తీసుకెళ్ళండి.

తాండూరు_బండ
నాకు కావాలి అన్నా. వచ్చే నెల మా ఇంట్లో కూడా ఇదే పని. ఆదివారం పొద్దున వస్తా. గ్యారేజీలో ముద్ర ఉందో లేదో ఇప్పుడే చూసుకున్నా, ఉంది.

బ్రాంప్టన్_బాబాయ్
టైలు ముక్క ల్యాబుకి వెళ్ళింది. రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.

స్లాబ్‌మాస్టారు
ఫ్రిస్కో గారూ, ఆదివారం దాకా ఆ సంచి నోరు తెరిచి ఉంచకండి. మూత బిగుసుకునే డబ్బాలోకి పోయండి. గాలి తేమకి గడ్డకడితే ఆయనకి పనికిరాదు.